ఓదెలు మూడుసార్లు చెప్పిండు

పదకొండేండ్ల సంది ఒక మాట నా లోపల ఉన్నది. పెద్ద మాట ఏం కాదు, ఒక్క ఊపిరిల చెప్పొచ్చు. చెప్పలేదు. నా పెండ్లానికి మొన్నటిదాక చెప్పలేదు. నన్ను కన్న అవ్వకు చెప్పలేదు. ఆమె పోయే ముందట నా చెయ్యి పట్టుకొని "మనసుల ఏమన్న ఉన్నదా బిడ్డా, గట్లున్నవేంది" అని అడిగితే ఏం లేదే అన్న. ఇప్పుడు మీకు చెప్తున్న. మీరెవరో నాకు తెల్వది, నేనెవరో మీకు తెల్వది. అందుకే వీలైతున్నదేమో. పేరు రాయను. నాకు నౌకరి ఉన్నది, బడికి పోయే పిల్లలున్నరు. పేరు రాయకుండ ఒప్పుకునుడు సుత ఒప్పుకునుడేనా? నన్ను నేనే అడుక్కున్న. అయినా రాస్తున్న.

అప్పటికి నాకు ఇరవై రెండేండ్లు. పెద్దపల్లిల మెట్రిక్ పాసై, రెండేండ్లు ఖాళీగ తిరిగి, గోదావరిఖనికి వచ్చిన. బసంత్‌నగర్‌ల సిమెంటు కార్ఖానా కట్టుడు నడుస్తున్న దినాలవి. ఇటు బొగ్గు బాయిలు ఒకదాని ఎనుక ఒకటి తెరుస్తున్నరు. పనోళ్లు చుట్టుముట్టు ఊర్లకెళ్లి రావాలె, బస్సులు చాలయి. అందుకని పనోళ్లను షిఫ్టు టైముకు బాయి కాడికి తెచ్చి, షిఫ్టు దిగినంక మల్ల ఊర్ల దింపే పని ఒక కాంట్రాక్టరు పట్టిండు. ఆయన యార్డుల నేను గుమాస్తాను.

యార్డంటే చుట్టూ ముండ్ల తీగ, నడుమ ఒక రేకుల షెడ్డు, షెడ్డుల నా బల్ల. బండ్లు పది దాకా ఉండె. అన్నీ వ్యాన్లే, అన్నీ పాతయే. మిల్ట్రీ వేలంల కొన్నయి కొన్ని, చేతులు మారీ మారీ వచ్చినయి కొన్ని. కాంట్రాక్టరుయి రెండే. కడమయన్నీ ఒక్కొక్క బండి ఉన్న మనుషులయి. వాళ్లే కొనుక్కున్నరు, వాళ్లే నడుపుతరు. ఒక బండి వానకాలం వస్తే స్టార్టు కాకపోతుండె. దాని మనిషి దాన్ని ఎప్పుడూ ఎత్తు మీదనే ఆపుతుండె, దొబ్బితే దిగుతదని. ఇంకోదానికి అడుగు రేకు తుప్పు తిని, కూసున్నోళ్ల కాళ్ల నడుమ రోడ్డు కనబడుతుండె.

అసొంటి బండ్లు గనుక బాయి ఆఫీసోళ్లు ఒక కాయిదా పెట్టిండ్రు. బండిల ఏ లోపం కనబడ్డా దాని మనిషి యార్డుకు వచ్చి చెప్పాలె. గుమాస్తా రిజిస్టరుల రాయాలె. రాసినంక, మెకానిక్ చూసి సంతకం పెట్టేదాక ఆ బండి కదలద్దు. మెకానిక్ యూసుఫ్ భాయి రామగుండంల ఉంటుండె. వారానికి రెండుసార్లు వచ్చి, నేను రిజిస్టరు చూసి రాసిచ్చిన చిట్టీల ఏ బండ్లు ఉంటే ఆ బండ్లనే ముడుతుండె. బయట రిపేరు చేపిస్తే ఆ బండిని కాంట్రాక్టుకెళ్లి తీసేస్తరు. అంటే మొత్తం నా రాతకెళ్లే మొదలైతది.

కాయిదా మంచిదే. గని ఒక బండి ఆగితే ఒక ఊరి పనోళ్లు షిఫ్టుకు అందరు. అందకపోతే బాయి ఆఫీసుకెళ్లి కాగితం వస్తది, మా మేనేజరు పోయి చేతులు కట్టుకొని నిలబడాలె. ఒకనాడు ఆయన గట్లనే నిలబడి వచ్చి, నా రిజిస్టరు తీసి నాలుగు పేజీలు తిరగేసిండు. "ఇన్ని లోపాలు కనబడితే వచ్చే యేడు మనకెందుకిస్తరయ్యా పని? జర చూసి రాయి" అన్నడు.

చూసి రాయి అన్నడు. రాయకు అనలేదు. ఈ సంగతిని ఎన్ని తీర్ల తిప్పి చూసుకున్ననో చెప్పలేను. తప్పు ఆయన మీదికి నెట్టాలని చూసిన. ఆయన అర్థం అదే కదా, నేను చిన్న నౌకరోన్ని కదా, అని నాకు నేనే వకాలతు పట్టిన. గని ఎట్ల చూడాల్నో ఆయన నాకు చెప్పలేదు. అది నేనే కనిపెట్టిన.

బండ్లోళ్లల నలుగురికి చదువు వచ్చు. వాళ్లు చెప్పింది రాస్తుంటే పక్కన నిలబడి చదువుకుంటరు, తప్పు పోతే దిద్దిస్తరు. కడమోళ్లకు రాదు. వాళ్లు బల్లకు అవుతల నిలబడి చెప్తరు, నా చెయ్యి కదులుతుంటే చూస్తరు, ఆగంగనే "రాసినవా సారూ" అంటరు. రాసిన అంటే పోతరు.

చదువు వచ్చినోళ్లయి రాసిన. రానోళ్లయి రాసినట్టు చేసిన.

అన్నీ కాదు. టైర్లు, లైట్లు, జల్ది అయిపోయే పనులు రాస్తుంటి. బండిని నాలుగు దినాలు పండబెట్టే పనైతే, పెన్ను కాగితానికి ఆనీ ఆనకుండ నడుపుతుంటి. మొదలు ఎవరి బండికి గట్ల చేసిన్నో యాదికి లేదు. యాదికి లేకుండ పోయిందంటే ఆ దినం నాకేం భయం కాలేదన్నట్టు. ఇప్పుడు ఆ సంగతే నాకు ఎక్కువ భయమైతది.

ఓదెలు చదువు రానోళ్లల ఒకడు. నా కన్న పదిహేనేండ్లు పెద్ద. నేను ఓదెలన్నా అని పిలుస్తుంటి. ఆయన భూమి బాయి కింద పోయింది. దాని పైసలు చేతికి రాంగనే సికింద్రాబాద్ పోయి మిల్ట్రీ వేలంల వ్యాను కొనుక్కొచ్చిండు. మెల్లగ మాట్లాడేటోడు, వరుస తప్పేటోడు కాదు. వేరేటోళ్లు "బండి బాగలేదు సారూ" అని ఊకుంటరు. ఓదెలు ఎక్కడ, ఎప్పుడు, ఎంత బరువు మీద అని చెప్పేటోడు.

మొదటిసారి ఆయన ఇట్ల చెప్పిండు. "ఖాళీ బండి మీద ఏం లేదు సారూ. మనుషులు నిండినంక, పెద్దమోరీ మలుపు కాడ స్టీరింగు ఎడమకు గుంజుతున్నది. మల్పుతే ఒక గడియ పట్టుకొని అప్పుడు ఇడుస్తున్నది." స్టీరింగు అంటే ముందటి చక్రాల జాయింట్లు ఇప్పాలె, సామాను హైదరాబాద్ కెళ్లి రావాలె. వారం ఆగుతదో, పది దినాలు ఆగుతదో. నేను పెన్ను నడిపిన. "రాసినవా సారూ?" "రాసిన. ఆపుమనేదాక నడుపు."

రెండోసారి, మధ్యాహ్నం షిఫ్టు దింపి వచ్చిండు. అంగి ఎనుకంత మన్ను. బండి కిందికి పండి చూసిండట. "ఎడమ చక్రం కాడ జాయింటుల ఏలు పట్టేంత సందు అయింది. రాసుకో." పెన్ను నడిపిన.

మూడోసారి ఆయన చెప్పుడే కాదు, అడిగిండు. "మెకానిక్ నా బండి కాడికి రాకపాయె. కాయిదా ప్రకారం బండి ఆపాలె గద సారూ. ఆపాల్నా మరి?"

అంటే అప్పటికి సుత నాకు తొవ్వ ఉండె. ఆపు అంటే అయిపోతుండె. నేను ఏమన్నంటే, "పార్టు కోసం హైదరాబాద్ రాసి పంపినం ఓదెలన్నా, వస్తది. నువ్వు ఆపితే మీ ఊరోళ్లు డ్యూటీకి ఎట్ల వస్తరు? వచ్చేదాక మెల్లగ నడుపు." ఎవ్వరికీ ఏం రాసి పంపలేదు. ఆయన తలకాయ ఊపి, మెల్లగనే నడుపుత అని పోయిండు. నన్ను నమ్మిండు. నమ్మకపోవుడు ఆయనకు తట్టనే తట్టలేదు.

ఆయన బండిల రోజూ లచ్చవ్వ వచ్చేది. బాయి గేటు కాడ ఉడకబెట్టిన శెనగ గుడాలు అమ్మే ముసలామె. ఓదెలు ఊరామెనే. గంప ఒళ్లె పెట్టుకొని ముందట, ఓదెలు పక్కన కూసునేది. బండి యార్డు ముందట ఆగితే కిటికీలకెళ్లి మోదుగాకు డొప్పల గుడాలు నాకిచ్చేది. "తిను బిడ్డా, ఎప్పుడు చూసినా రాసుడేనా" అనేది. మొగడు లేడు. ఒక్కతే బిడ్డ, ఆమెను మంచిర్యాల దిక్కు ఇచ్చింది.

మూడోసారి చెప్పినంక తొమ్మిదో దినం. మొదటి షిఫ్టు. మంచి వెలుతురు ఉండె, వాన లేదు, ఎదురుంగ ఏ బండీ లేదు. నేను యార్డు తాళం తీస్తుంటే సైకిల్ మీద ఒకాయన వచ్చి, పెద్దమోరీ కాడ వ్యాను పడ్డదని చెప్పిండు. ఎవరిదని నేను అడగలేదు. నాకు తెలుసు.

పోయి చూసిన. బండి మోరీ వంతెన కింద ఎడమ పక్కకు పండి ఉన్నది. పనోళ్లను అప్పటికే బయటికి గుంజిండ్రు. కాళ్లు చేతులు ఇరిగినోళ్లు ఉన్నరు, ప్రాణాలు పోయినోళ్లు లేరు. లచ్చవ్వ ఒక్కామె పోయింది. ఆమె మీద ఎవరో తువ్వాల కప్పిండ్రు. నేను మొదలు ఆమె దిక్కు చూడలేదు. చక్రం దిక్కు చూసిన. ఎడమ చక్రం బయటికి తిరిగి ఉన్నది, జాయింటు ఊడి ఉన్నది. మనిషి సచ్చిన కాడ నిలబడి ఇనుము దిక్కు చూసిన మనిషిని నేను.

ఓదెలును దవాఖానకు తీసుకపోయిండ్రు. నేను యార్డుకు వచ్చిన. బల్ల మీద రిజిస్టరు ఉన్నది. మేనేజరు సుత దవాఖానకు పోయిండు. పొద్దెక్కేదాక షెడ్డుల నేనొక్కన్నే. ఒక పేజీ అడుగున మూడు గీతల జాగ ఖాళీగ ఉండె. అండ్ల ఓదెలు చెప్పింది అప్పుడు రాయొచ్చు. దొంగతనంగ రాసినా, రాసిన మాట మాత్రం నిజమే అయితుండె. రాయాలనుకున్న. రాస్తే, రాసినంక బండి ఎట్ల కదిలింది, ఎవరు కదలనిచ్చిండ్రు అని అడుగుతరు. అది ఆలోచించిన. రిజిస్టరు మూసి, బల్ల తుడిసిన. అంత తీరుబాటుగ ఆ బల్లను నేను ఎన్నడూ తుడువలేదు.

నాలుగో దినం షెడ్డులనే విచారణ పెట్టిండ్రు. బాయి ఆఫీసుకెళ్లి ఒక ఇంజినీరు, మా మేనేజరు, ఒక పోలీసు జమేదారు. ఓదెలు కుడి చెయ్యికి కట్టు కట్టుకొని వచ్చి స్టూలు మీద కూసున్నడు. ఇంజినీరు మంచోడే, బండిని చూసే వచ్చిండు. జాయింటు ఊడి బండి పడ్డదో, బండి పడి జాయింటు ఊడిందో చూసి చెప్పుడు కష్టమన్నడు. ముందుగాలనే లోపం ఉన్నదని చెప్పి ఉంటే సంగతి వేరు అన్నడు.

ఓదెలు మొఖంల భయం లేదు. "మూడుసార్లు చెప్పిన సార్. ఈ సారు నా ముందటనే రాసుకున్నడు. తియ్యుండ్రి, రిజిస్టరు తీసి చూడుండ్రి" అన్నడు. తన వల్ల పని సులువైందన్నట్టు అన్నడు.

ఇంజినీరు పేజీలు తిప్పిండు. ఎనుకకు వచ్చి మల్ల తిప్పిండు. నా దిక్కు చూసిండు. "స్టీరింగు సంగతి ఈయన నీకు చెప్పిండా?"

"లేదు సార్" అన్న. అంతటితోని ఊకోలేదు. "టైర్ల సంగతి చెప్పిండు. అది రాసి ఉన్నది. స్టీరింగు సంగతి చెప్పలేదు." ఆ టైర్ల ముక్క ఎందుకు కలిపిన? అబద్ధానికి పక్కన ఒక నిజం నిలబెడితే బలం వస్తదని నాకు ఎవరు నేర్పిండ్రు?

ఓదెలు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండు. నేను మరిచిపోయిన్ననుకున్నడు. నాకు సాయం చెయ్యబోయిండు. "గట్ల కాదు సారూ, జర యాది చేసుకో. అంగికి మన్ను అంటుకొని వచ్చిన సూడు, గా దినం. నువ్వు నీళ్లు తాగుతున్నవు, గిలాస పక్కన పెట్టి రాసినవు." నిజంగనే గిలాస పక్కన పెట్టిన. ఆయనకు అన్నీ యాది ఉన్నయి. నాకూ ఉన్నయి. "యాదికి లేదు ఓదెలన్నా" అన్న.

కేసు అయింది. తెల్లారగట్ల లేచి నిద్ర మీద నడిపిండు, రెప్ప పడ్డది, అని అన్నరు. లైసెన్సు పోయింది. కొన్ని నెలలు జైలుకు పోయిండు. బండిని తుక్కు కింద అమ్మిండ్రు. ఊర్లె లచ్చవ్వను చంపినోడు అని పేరు పడ్డది. గుడాల అవ్వ అంటే అందరికీ పాణం. ఆయన పెండ్లాం రాజవ్వ సుత, చెప్పిన్నని నువ్వే అనుకుంటున్నవు, చెప్పి ఉంటే రిజిస్టరుల ఎందుకు లేకపాయె, అన్నదట. ఆమెను తప్పు పట్టలేను. రాతల లేనిది జరగలేదని చదువుకున్న ఇంజినీరే నమ్మిండు, ఆమె ఎట్ల నమ్మది?

యేడాది కాకముందే మేనేజరు ఒక మాట చెప్పి నన్ను ఒక ఆఫీసుల పర్మినెంటు నౌకరిల పెట్టించిండు. ఎందుకని ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇప్పటిదాక రాసింది ఒక తప్పు. ఇంకొకటి ఉన్నది. నాకు ఇదే పెద్దది అనిపిస్తది.

జైలుకెళ్లి వచ్చినంక ఒకనాడు ఓదెలు నేనుండే అర్రకు వచ్చిండు. ఆదివారం, మిట్టమధ్యాహ్నం. బక్కగైండు. కొడుతడనుకున్న. గడప అవుతలనే కూసున్నడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"కొట్లాటకు రాలే సారూ. ఒక్క మాట అడగవచ్చిన. ఇక్కడ ఎవ్వరు లేరు, నువ్వూ నేనే. నాకు నీ చెయ్యి కదులుడు కండ్ల ముందట కనబడుతది. గని అందరు నేను చెప్పలేదంటున్నరు. నా పెండ్లాం సుత అంటున్నది. జైల్ల పండి అదే సోచాయించిన. చెప్పాలె చెప్పాలె అని తొవ్వపొంటి అనుకుంట వస్తుంటిగద, గట్ల అనుకునుడే చెప్పినట్టు యాదికి ఉన్నదా ఏంది? నా మతి మీద నాకే నమ్మకం పోయింది. నువ్వు ఏది చెప్తే అది నమ్ముత. నేను చెప్పిన్నా, చెప్పలేదా?"

మేమిద్దరమే ఉన్నం. విచారణ అయిపోయింది, శిక్ష అయిపోయింది. నిజం చెప్తే ఆయన పోలీసు కాడికి పోయేటోడు కాదు, ఆ సంగతి ఆయన మొఖం చూస్తేనే తెలుస్తున్నది. ఆయనకు కావాల్సింది ఆయన మతి ఒక్కటే. అది నా చేతుల ఉన్నది.

"అనుకున్నవేమో ఓదెలన్నా" అన్న. "చెప్పాలనుకొని ఉంటవు. పని తొందరల మరిచిపోయి ఉంటవు. చెప్పలేదు."

"గట్లనా" అన్నడు. లేచేటప్పుడు, "అయితే అవ్వ సావు నా మీదనే అన్నట్టు" అన్నడు. నాకు కాదు, ఆయనకు ఆయనే. దండం పెట్టి పోయిండు. నాకు దండం పెట్టిండు.

ఎందుకు చెప్పలేదు? భయం అంటే సగమే. ఒకసారి లేదన్న నోరు మల్లోసారి లేదనుడు సులువు, ఉన్నదనుడు కష్టం. ఇంకో సంగతి సుత ఉన్నది, సిగ్గు పడుకుంటనే రాస్తున్న. ఆయన నమ్ముతున్నడని చూసి నాకు పాణం నిమ్మళమైంది. ఇగ ఎవ్వరు అడగరు అనిపించింది.

ఎవ్వరు అడగలేదు. నా పెండ్లైంది, పిల్లలు పుట్టిండ్రు. ఎమర్జెన్సీ వచ్చింది, పోయింది. ఆఫీసుల నాకు మంచి పేరు. ఎవరు ఏం చెప్పినా ఆ నిమిషంలనే రాస్త, రాసింది వాళ్లకు చదివి వినిపిస్త, అప్పుడు ఏలిముద్ర ఏపిస్త. ఇంత నిజాయితీ మనిషిని చూడలేదని అంటరు. అట్ల అన్న దినం నాకు అన్నం పోదు. ఇంట్ల నా పెండ్లాం "బెల్లం తెమ్మని పొద్దున చెప్పిన్నా లేదా" అంటే, ఆమె చెప్పకపోయినా "చెప్పినవు, నేనే మరిచిన" అంట. నువ్వు చెప్పలేదు అనే మాట నా నోటికి రాదు. ఆమె దాన్ని నా మంచితనం అనుకుంటది.

ఈ ఎండకాలం పెద్దపల్లి బస్‌స్టాండుల రాజవ్వ తమ్ముడు కలిసిండు. ఓదెలు జైలుకెళ్లి వచ్చినంక ఊర్లె ఉండలేక, గోలేటి దిక్కు పెండ్లాం తల్లిగారి ఊరికి పోయి, కూలి చేసుకొని బతుకుతున్నడని తెలుసు. ఎట్లున్నడని అడిగిన. అడగకుంటే బాగుండదని అడిగిన.

"బావ మంచిగనే ఉన్నడు" అన్నడు. "గని ఒక్కటే ఆగం. ఏ మాట చెప్పినా, ఎనుకనే 'చెప్పిన్నా నీకు? ఇప్పుడు చెప్పిన్నా నేను?' అని అడుగుతడు. ఎడ్లకు నీళ్లు పెట్టుమని చెప్తడు, పది అడుగులు పోతడు, మల్ల వచ్చి చెప్పిన్నా అంటడు. పోరగాండ్లు నవ్వుతరు. వాళ్లు సుత ఆయనకు ఎదురుపోయి 'చెప్పిన్నా తాతా' అంటరు."

ఆయన బస్సు ఎక్కి పోయిండు. నేను ఎక్కాల్సిన బస్సు వచ్చింది, పోయింది. నేను బెంచి మీదనే కూసున్న.

వారం దినాలు ఆగిన. ఆగిన అంటే తప్పించుకోవడానికి చూసిన. ఆ మీద ఆదివారం బెల్లంపల్లిల రైలు దిగి, గోలేటి పోయే బస్సు ఎక్కి, నడుమల దిగి, రెండు మైళ్లు నడిచిన. ఓదెలు వాకిట్ల కూసొని నార తాడు పేనుతున్నడు. జుట్టు తెల్లగైంది. నన్ను ఆనవట్టిండు. "సారూ" అని లేవబోయిండు. వద్దన్న. నిలబడే చెప్పిన. కూసుంటే చెప్పలేనని తెలుసు.

"ఓదెలన్నా, నువ్వు చెప్పినవు. మూడుసార్లు చెప్పినవు. నేను రాయలేదు. రాసినట్టు చేసిన. నీ మతిల ఏం లోపం లేదు. అబద్ధం నాది."

ఆయన చేతులు ఆగినయి.

"మల్లోసారి చెప్పు" అన్నడు.

చెప్పిన.

"ఎడమకు గుంజుతున్నదని చెప్పిన్నా?"

"చెప్పినవు. మనుషులు నిండినంక, పెద్దమోరీ మలుపు కాడ అని చెప్పినవు."

"ఏలు పట్టే సందు అయిందని?"

"చెప్పినవు."

"బండి ఆపాల్నా అని అడిగిన్నా?"

"అడిగినవు. నేనే నడుపుమన్న."

ఓదెలు లోపలికి తిరిగి పెండ్లాన్ని పిలిచిండు. రాజవ్వ పిండి చేతులతోనే వచ్చింది. "ఈమెకు చెప్పు" అన్నడు. చెప్పిన. బామ్మర్ది ఎనుక దొడ్లె ఉంటే పిలిపించిండు. "ఈనకు చెప్పు." చెప్పిన. తొవ్వ మీద పోయే ఇద్దరు ముసలోళ్లను ఆపి పిలిచిండు, పోరగాండ్లను పిలిచిండు. "వీళ్లందరికి చెప్పు. మెల్లగ చెప్పు, సమజ్ కావాలె." ఐదోసారి ఏదో ఊరికి తొవ్వ చెప్పినట్టు చెప్పిన.

పోరగాండ్లు నవ్వలేదు.

రాజవ్వ నా దిక్కు చూడనే లేదు. గోడకు ఒరిగి కూసొని, పిండి చేతులు మొఖానికి అడ్డం పెట్టుకొని, "పదకొండేండ్లు ఈ మనిషిని నేను నమ్మకపోతిని గదనే" అని ఏడ్సింది. ఓదెలు ఆమె పక్కన కూసున్నడు. వాళ్ల నడుమ నాకు పనేం లేదు. అయినా ఆయన చెప్పేదాక కదలద్దని నిలబడ్డ.

కొంతసేపటికి తల ఎత్తిండు. "లచ్చవ్వ బిడ్డకు చెప్పినవా?"

"లేదన్నా."

"ఆమె నన్ను చూస్తే మొఖం తిప్పుకుంటది. మొన్న బెల్లంపల్లి అంగట్ల సుత గట్లనే తిప్పుకున్నది." నార తాడు మల్ల చేతిలకు తీసుకున్నడు. "ఇగ పో. బస్సు టైమైతది."

క్షమించిన అని అనలేదు. అంటడని నేను పోలేదు. ఒకవేళ లోపల ఎక్కడన్న ఆశ పడ్డనేమో, తొవ్వల నడుస్తుంటే అనుమానమైంది. మంచినీళ్లు సుత అడగకుండనే వచ్చిన. వాళ్లూ ఇయ్యలేదు. ఇయ్యకపోవుడే నయమనిపించింది. ఇస్తే ఎట్ల తాగుదు?

ఇంటికి వచ్చి, పిల్లలు పండినంక, నా పెండ్లానికి చెప్పిన. ఆమె విని, "ఇన్నేండ్లు నా పక్కన ఎవరు పండిండ్రు" అన్నది. నాలుగు దినాలైంది, పని మాటలు తప్ప వేరే మాట లేదు. అదీ న్యాయమే.

నాకు ఇప్పుడు ఎట్లున్నదని మీరు అడుగుతరేమో. బరువు దిగిందని చెప్తే అబద్ధమైతది. లచ్చవ్వ సచ్చిపోయింది, ఓదెలుయి పదకొండేండ్లు పోయినయి, అవి ఎక్కడికీ పోవు. ఒక్కటే తేడా. ఇదివరకు ఎవరన్న నా కండ్లల్లకు సూటిగ చూస్తే, వీళ్లకు తెలిసిందా అని లోపల ఉలిక్కిపడుతుంటి. ఇప్పుడు తెలిసినోళ్లు ఉన్నరు. ఆ ఊర్లె పదిమంది దాకా ఉన్నరు, నా ఇంట్ల ఒకామె ఉన్నది, ఇప్పుడు మీరున్నరు. ఉలికిపాటు తగ్గింది. అంతే.

లచ్చవ్వ బిడ్డ ఊరు ఏదో ఓదెలు బామ్మర్దిని అడిగి తెలుసుకున్న. ఇంకా పోలేదు. వచ్చే ఆదివారం పోవాలె. ఆమె ఏం చేస్తదో తెల్వది. తలుపు ఏసుకోవచ్చు, తిట్టొచ్చు, పోలీసుకు చెప్పొచ్చు. ఏం చేసినా చెయ్యనీ. గడప కాడ నిలబడి మొదలు ఏం అనాల్నో మాత్రం తెలుసు. మీ అవ్వను ఓదెలు చంపలేదమ్మా అంట. ఆ మీది మాటలు వాటంతట అయ్యే వస్తయి.